ఒకే తీగ, మూడు నేలలు: సిరా ద్రాక్ష నేర్పు పాఠము

విత్తు ఒకటి నాటితే చెట్టు ఒకటి మొలుచునా అని మన పెద్దలు అందురు. ఈ మాట నిజమే. కాని అదే విత్తును, అదే అంటును వేరొక చేలో నాటినప్పుడు అదే పంట వచ్చునా అను ప్రశ్నకు ఈ సామెతలో జవాబు లేదు. పొరుగు జిల్లాలో ఒక తోటను చూచి, అక్కడి కాయ రుచి చూచి, అవే మొక్కలు తెచ్చి నాలుగేండ్లు సాకిన తరువాత "ఆ రుచి రాలేదే" అని నిరాశపడు రైతులు ఎందరో గలరు. మొక్క మోసము చేయలేదు. మొక్కలమ్మినవాడును మోసము చేసియుండకపోవచ్చును. నేల మారినది, ఎండ మారినది, కత్తిరింపు మారినది. అందుచేత పంట మారినది.

పంట గుణములో రకము వలన వచ్చినది ఎంత, చోటు వలన వచ్చినది ఎంత, మనిషి చేతి వలన వచ్చినది ఎంత అని విడదీసి చూచుట రైతు నేర్వవలసిన విద్య. ఈ విద్యకు ద్రాక్ష మంచి ఉదాహరణము. ద్రాక్షను విత్తనముతో గాక కొమ్మ ముక్కలతో పెంచుదురు. కనుక ఒక రకపు తీగ ఎన్ని దేశములు తిరిగినను దాని పుట్టు లక్షణము ఇంచుమించు అదే ఉండును. ఆ పండ్ల రసమును పులియబెట్టి చేసిన వైన్ ఏండ్ల తరబడి నిలువ ఉండును గనుక దూరదేశముల పంటలను ఒక బల్లపై ప్రక్కప్రక్కన పెట్టి పోల్చవచ్చును. ఈ వ్యాసము తాగుడును ప్రోత్సహించుటకు ఉద్దేశించినది కాదు. పోల్చి చూచు పద్ధతిని తెలుపుటకు మాత్రమే ఈ ఉదాహరణము తీసుకొనబడినది.

సిరా అను రకము

మనము తీసుకొను రకము పేరు సిరా. ఇది మనము కలములో పోసుకొను సిరా కాదు, అయినను దీని రసపు రంగు చూచినవారికి ఆ పేరు తగినదే అనిపించును. దీనినే ఆస్ట్రేలియాలో షిరాజ్ అందురు. పండ్లు చిన్నవి, నల్లనివి, గింజలు గలవి. పండు తినుటకు గాక వైన్ చేయుటకే దీనిని పెంచుదురు.

షిరాజ్ అను పేరు పర్షియా దేశపు పట్టణమునకు కూడ ఉండుటచేత, ఈ తీగ అక్కడినుండి ఫ్రాన్సుకు వచ్చినదని చాలకాలము చెప్పుకొనిరి. 1998లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖవారును, ఫ్రాన్సులోని మోంపెలియే శాస్త్రజ్ఞులును కలిసి తీగల డి.ఎన్.ఏ. పరీక్షించి, ఇది ఫ్రాన్సు ఆగ్నేయ ప్రాంతములోనే పుట్టినదని నిర్ధారించిరి. దీని తల్లి మోందూజ్ బ్లాంష్ అను తెల్లద్రాక్ష, తండ్రి డ్యురేజా అను నల్లద్రాక్ష. ఊరి పేరును బట్టి మొక్క పుట్టుక నిర్ణయించరాదని దీనివలన మొదటి పాఠము.

రోన్ నది వాలులు

ఫ్రాన్సులో రోన్ నది ఉత్తర భాగము సిరాకు పుట్టినిల్లు వంటిది. ఇది ఉత్తరముగా సుమారు 45 డిగ్రీల అక్షాంశమున ఉన్నది. శీతకాలమున తీగ ఆకు రాల్చి పూర్తిగా నిద్రించును. సంవత్సరమునకు ఒకేసారి, ఆ నిద్రలో ఉన్నప్పుడు, కత్తిరింతురు. వసంతమున చిగిర్చి, సామాన్యముగా సెప్టెంబరులో కోతకు వచ్చును.

ఇక్కడి తోటలు నదికి ఎగువనున్న నిటారు కొండవాలులపై ఉన్నవి. కోత్ రోతీ అను చోట వాలు ఎంత నిటారుగా ఉండుననగా, రాతికట్టలు కట్టి మెట్లుగా చేసిన మడులలో మనుషులే పని చేయవలెను, యంత్రము పోజాలదు. ఆ పేరునకు కాలిన వాలు అని అర్థము. చలిదేశమున ఎండ తక్కువ గనుక, సూర్యునికి ఎదురుగానున్న వాలునే వెదకి నాటిరి. మిస్ట్రాల్ అను ఉత్తరపు గాలి బలముగా వీచును గనుక ప్రతి తీగకు కర్ర ఊతము కట్టుదురు. హెక్టారుకు 8,000 నుండి 10,000 వరకు తీగలు దగ్గర దగ్గరగా నాటుదురు. నేల పలుచన, అడుగున రాయి.

కోత్ రోతీలోనే రెండు వాలులు గలవు. ఒకటి తెల్లని నేల, రెండవది ఇనుము కలిసిన ముదురు నేల. పూర్వము ఒక ప్రభువు తన ఇద్దరు కుమార్తెలకు, ఒకరిది బంగారు జుట్టు, ఒకరిది నల్ల జుట్టు, ఈ రెండు వాలులను పంచి ఇచ్చెనని అక్కడివారు కథ చెప్పుదురు. కథ ఎట్లున్నను, తెల్ల నేల వైన్ మెత్తగను, ముదురు నేల వైన్ గట్టిగను ఉండునని అక్కడి రైతులు తరతరములుగా గుర్తించిరి. నది కావలి గట్టున దక్షిణముగా ఎర్మితాజ్ అను ఒక్క కొండ ఉన్నది. దాని పడమటి కొన నల్లరాతి జాతి నేల, తక్కిన భాగములలో గులకరాళ్ళు, సున్నము, ఒండ్రు కలిసిన నేలలు గలవు. ఒక్క కొండమీదనే ఇన్ని తేడాలు ఉండగా, దేశములు మారినప్పుడు తేడా రాకుండునా?

ఉత్తర రోన్ సిరా వైన్ సామాన్యముగా 12.5 నుండి 13.5 శాతము వరకు ఆల్కహాలు గలిగి, పులుపు నిలిచి, మిరియాల వాసన, పొగ వాసన, కొంచెము వగరు కలిగి ఉండును.

బరోసా లోయ

ఇక అదే తీగ ఆస్ట్రేలియా చేరిన విధము చూతము. జేమ్స్ బస్బీ అను నతడు 1831లో ఫ్రాన్సు, స్పెయిన్ దేశములు తిరిగి వందలకొలది తీగల ముక్కలు సేకరించి 1832లో సిడ్నీకి చేర్చెను. అందులో ఎర్మితాజ్ కొండనుండి తెచ్చిన సిరా కూడ ఉన్నది. దక్షిణ ఆస్ట్రేలియాలోని బరోసా లోయలో 1842 నుండి జర్మను కుటుంబములు స్థిరపడి ద్రాక్ష నాటిరి. 1843లో నాటినవని చెప్పబడు సిరా తీగలు అక్కడ ఇప్పటికిని కాయుచున్నవి.

బరోసా దక్షిణముగా సుమారు 34.5 డిగ్రీల అక్షాంశమున ఉన్నది. వర్షము శీతకాలమునందు పడును. పండు పెరుగు వేసవి వేడిగను, పొడిగను ఉండును. నేలలు ఎక్కువగా ఎర్రగరప, అడుగున బంకమన్ను. కొండ నిటారు కాదు గనుక తీగలను దూరదూరముగా నాటుదురు. కోత ఫిబ్రవరి నుండి ఏప్రిలు వరకు సాగును. అక్కడి సిరా వైన్ సామాన్యముగా 14 నుండి 15 శాతము ఆల్కహాలు, ముదురు రంగు, నేరేడుపండును తలపించు తియ్యని పండు వాసన, నిండైన రుచి కలిగి ఉండును. మిరియాల ఘాటు తక్కువ.

బరోసా ప్రక్కనే, ఇంకను ఎత్తైన ఈడెన్ లోయ ఉన్నది. ఎత్తు పెరిగిన కొలది, 100 మీటర్లకు సుమారు 0.6 డిగ్రీ సెంటిగ్రేడు చొప్పున, చల్లదనము పెరుగును. అచ్చటి సిరాలో పులుపు ఎక్కువ నిలుచును, వాసన మరింత సున్నితముగా ఉండును. కొద్ది మైళ్ళలోనే ఈ మార్పు!

తేడా ఎట్లు కలుగును

ద్రాక్ష పండు ముదురుచున్నప్పుడు రెండు పనులు జరుగును. తీపి పెరుగును, పులుపు తగ్గును. వేడి ఎక్కువైన చోట పండులోని మాలిక్ ఆమ్లము త్వరగా ఖర్చగును. రాత్రి చల్లగా ఉన్నచో ఆ ఖర్చు నెమ్మదించును. కనుక వేడి చోట తీపి ఎక్కువ, పులుపు తక్కువ. చల్లని చోట ఇందుకు విరుద్ధము.

తీపియే పులిసి ఆల్కహాలగును. చేతి రిఫ్రాక్టోమీటరుతో రసపు తీపిని బ్రిక్స్ డిగ్రీలలో కొలిచి, ఆ అంకెను సుమారు 0.57తో హెచ్చించినచో రాబోవు ఆల్కహాలు శాతము తెలియును. 22 బ్రిక్స్ రసము 12.5 శాతమునకు, 26 బ్రిక్స్ రసము 14.8 శాతమునకు వచ్చును. రోన్, బరోసాల మధ్య తేడాలో పెద్ద భాగము ఈ ఒక్క లెక్కలో ఇమిడి ఉన్నది.

అయితే అంతయు నేల వలననే అని తలచరాదు. మనిషి చేయి కూడ ఉన్నది. రోన్ లో వైన్ ను పాతబడిన పెద్ద పీపాలలో నిలువచేయు ఆచారము కలదు. బరోసాలో చాలమంది అమెరికా ఓక్ చెక్క పీపాలు వాడిరి. ఆ చెక్క వైన్ కు కొబ్బరిని, వనిల్లాను పోలిన వాసన ఇచ్చును. ఆ వాసనను పట్టుకొని "ఇది బరోసా మట్టి వాసన" అనుట పొరపాటు. ఆస్ట్రేలియాలో పులుపు తగ్గినప్పుడు టార్టారిక్ ఆమ్లము చేర్చు ఆచారము కూడ కలదు. మన చింతపండులోని పులుపునకు ముఖ్యకారణము ఆ ఆమ్లమే. కోత్ రోతీ ఎర్రవైన్ లో వియోనియే అను తెల్లద్రాక్షను 20 శాతము వరకు కలుపుటకు అక్కడి నియమము ఒప్పును. కోర్నాస్ అను చోట మాత్రము పూర్తిగా సిరాయే ఉండవలెను. ఈ సంగతులు తెలియకుండ రెండు సీసాలు పోల్చినచో మనము నేలను పోల్చినట్లు కాదు, చేతులను పోల్చినట్లగును.

మిరియాల వాసన

సిరాలో వచ్చు మిరియాల వాసన ఉత్త ఊహ కాదు. ఆస్ట్రేలియా వైన్ పరిశోధన సంస్థవారు 2008లో ప్రకటించిన పరిశోధనలో, ఆ వాసనకు కారణము రోటండోన్ అను పదార్థమని తేల్చిరి. మన వంటింటి మిరియాలలో కూడ అదే పదార్థమున్నది. ఒక లీటరు ఎర్రవైన్ లో 16 నానోగ్రాములున్న చాలును, మనిషి ముక్కు పట్టగలదు. ఒక గ్రామును 100 కోట్ల భాగములు చేసిన అందులో ఒక భాగము నానోగ్రాము. చల్లని చోటులలో, నీడ తగులు గుత్తులలో ఇది ఎక్కువగా ఏర్పడును. అందుచేతనే రోన్ వైన్ లో, ఆస్ట్రేలియాలోనే చల్లనైన విక్టోరియా రాష్ట్రపు కొన్ని తోటల వైన్ లో మిరియాల ఘాటు ఎక్కువ.

అదే పరిశోధనలో ఇంకొక సంగతి తెలిసినది. పరీక్షకు కూర్చున్నవారిలో సుమారు అయిదుగురిలో ఒకరికి ఈ వాసన ఎంత ఎక్కువ వేసినను తెలియలేదు. కనుక ఒక్కరి నాలుకను, ఒక్కరి ముక్కును నమ్మి తీర్పు చెప్పరాదు.

మన ద్వీపకల్పములో

మహారాష్ట్రలోని నాసిక్ ప్రాంతములోను, కర్ణాటకలోని నంది కొండల దాపునను సిరా తోటలు గలవు. నాసిక్ సుమారు 20 డిగ్రీల అక్షాంశమున ఉన్నది. ఇక్కడ తీగకు పూర్తి శీతకాలనిద్ర లేదు. అందుచేత ఏటా రెండు కత్తిరింపులు చేయుదురు. వేసవి కత్తిరింపు కొమ్మ కొరకు, వానలు తగ్గుచుండగా చేయు కత్తిరింపు పండు కొరకు. కోత జనవరి నుండి మార్చి వరకు వచ్చును. వానకాలమున పండు కుళ్ళకుండ తప్పించుకొను ఉపాయమిది.

ఇందులో గమనింపదగిన తేడా ఒకటి ఉన్నది. రోన్ లో పండు ముదురునప్పుడు ఎండ తగ్గుచు, చలి దగ్గరపడుచుండును. నాసిక్ లో పండు ముదురునప్పుడు చలి తగ్గి, ఎండ పెరుగుచుండును. కోత వారము ఆలస్యమైన రోన్ లో వాన భయము. నాసిక్ లో వారము ఆలస్యమైన పులుపు పడిపోవు భయము. ఒకే తీగ అయినను కోత రోజును నిర్ణయించు లెక్క రెండుచోట్ల వేరు. ఫ్రాన్సు పుస్తకము చూచి మన దక్కనులో కోత తేదీ పెట్టరాదు.

పోల్చు విధానము

వైన్ అయినను, మామిడి అయినను, వడ్ల రకమైనను, సక్రమముగా పోల్చుటకు ఈ క్రింది నియమములు పాటించవలెను.

1. ఒక్క అంశము తప్ప తక్కినవన్నియు సమానముగా ఉండవలెను. నేలను పోల్చదలచినచో రకము, వయస్సు, తయారీ విధానము ఒకటే కావలెను. దక్షిణార్ధగోళమున కోత ఆరునెలలు ముందుగా వచ్చును గనుక, ఒకే సంవత్సరపు రెండు వైన్ లకు కూడ అరఏడు వయస్సు తేడా ఉండును. దీనిని లెక్కలోనికి తీసుకొనవలెను.

2. చీటీ కనిపించకుండ కప్పవలెను. ఒకరు పోయవలెను, ఇంకొకరు రుచి చూడవలెను. పేరు కనబడినచో నాలుక పేరునే రుచి చూచును.

3. ఒకే ఆకారపు గ్లాసులు, ఒకే పరిమాణము, ఒకే చల్లదనము ఉండవలెను. ఎర్రవైన్ కు 16 నుండి 18 డిగ్రీల సెంటిగ్రేడు తగును. పరీక్షకులు రుచి చూచి ఉమ్మివేయుదురు, మింగరు.

4. మూడు గ్లాసుల పరీక్ష చేయవలెను. రెండింటిలో ఒకటే, మూడవదానిలో వేరొకటి పోసి, వేరైనది ఏదో చెప్పుమని అడుగవలెను. ఊరక ఊహించినను మూడింట ఒకసారి నిజమగును. కనుక పలుమార్లు, పలువురితో చేయించి, మూడింట ఒకవంతు కంటె చాల ఎక్కువ సరియైనప్పుడే తేడా ఉన్నదని నమ్మవలెను.

5. ప్రతివారు తమ అభిప్రాయము వ్రాయువరకు ఒకరితో ఒకరు మాటాడరాదు. పెద్దమనిషి ఒకరు ముందుగా మాట విడిచిన తక్కినవారు తల ఊపుట మన గ్రామములలో అందరము ఎరిగినదే.

6. ఒక్క ఏటి పంట చూచి తీర్పు చెప్పరాదు. కనీసము మూడు ఏండ్ల పంట చూడవలెను.

గ్రామములో ప్రదర్శన క్షేత్రములు వేయు అధికారులు ఈ ఆరు మాటలను గుర్తుంచుకొనవలెను. కొత్త రకమును మంచి నేలలో, పాత రకమును చౌడు నేలలో వేసి "చూడుడు, కొత్తది ఎంత కాచినదో" అని చెప్పిన ప్రదర్శన రైతును మోసపుచ్చునదే గాని నేర్పునది కాదు.

తీగలు పెరికిన కథ

చోటు విలువ తెలియనిచో ఎంత నష్టమో చెప్పుటకు బరోసాలోనే ఒక ఉదాహరణ ఉన్నది. 1970ల చివర ఎర్రద్రాక్షకు అడుగువారు తగ్గిరి. పాత సిరా తీగలు దిగుబడి తక్కువ, పాతకాలపువి అని తలచిరి. పండు కొనుటకు కంపెనీలు వెనుదీయగా, పీటర్ లేమన్ అను వైన్ తయారీదారు 1979లో స్వయముగా సంస్థ పెట్టి ఆ రైతుల పండు కొనెను. అయినను ధరలు కోలుకొనలేదు. 1980ల మధ్య దక్షిణ ఆస్ట్రేలియా ప్రభుత్వము తీగలు పెరికివేయువారికి సొమ్ము ఇచ్చు పథకము పెట్టెను. ఎందరో రైతులు నూరేండ్ల తీగలను పెరికిరి. తరువాత పదేండ్లు తిరుగకుండగనే బరోసా పాత సిరా వైన్ కు లోకమంతట గిరాకీ పెరిగినది. పెరకనివారు బాగుపడిరి. పెరికినవారు ఆ వయస్సు తీగను ఏ సొమ్ముతోను తిరిగి కొనలేకపోయిరి. 2009లో బరోసావారు తీగల వయస్సును బట్టి 35, 70, 100, 125 ఏండ్ల తరగతులు ఏర్పరచి వాటిని కాపాడుటకు నియమావళి వ్రాసుకొనిరి.

ఆ తీగలు అంతకాలము నిలుచుటకు ఇంకొక కారణము గలదు. ఫిలాక్సిరా అను వేరు పేను 1860లలో ఫ్రాన్సులో ప్రవేశించి తోటలను నాశనము చేసినది. అమెరికా ద్రాక్షజాతుల వేరుమూలముపై అంటు కట్టి వారు బయటపడిరి. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రమున 1877లో ఆ పురుగు కనబడగా, దక్షిణ ఆస్ట్రేలియా మాత్రము బయటి తీగలను, మట్టిని కఠినముగా ఆపి నేటివరకు తప్పించుకొనినది. అందుచేత అచ్చటి పాత తీగలు తమ స్వంత వేళ్ళపైనే ఉన్నవి. పరాయి చోటినుండి మొక్క తెచ్చునప్పుడు మొక్కతో పాటు పురుగును, తెగులును తెచ్చుచున్నామేమో అని ముందుగా చూచుకొనవలెను.

పేరును గూర్చి ఒక మాట

ఆస్ట్రేలియావారు చాలకాలము తమ సిరా వైన్ కు ఎర్మితాజ్ అను ఫ్రాన్సు కొండ పేరు పెట్టుకొని అమ్మిరి. 1994లో ఐరోపా సమాజముతో చేసుకొనిన ఒడంబడికలో అట్టి పేర్లను విడిచిపెట్టుటకు ఒప్పుకొనిరి. విడిచిన తరువాత నష్టపోలేదు. బరోసా అను తమ ఊరి పేరే విలువైనదైనది. మన బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది కూడ ఈ భావముతోనే. పరాయి ఊరి పేరుతో సరుకు అమ్ముట సులువుగా కనబడును. కాని పేరు నిలిచిన నాడు లాభము ఆ ఊరికే పోవును.

రైతులు చేయదగినది

ఒక కొత్త రకము తెచ్చుటకు ముందు అది పండిన చోటి వర్షము, వేడి, నేల లోతు, ఎత్తు ఏమిటో అడిగి వ్రాసుకొనుడు. మీ చేను ఆ నాలుగింటిలో ఎంత పోలునో చూడుడు. అరఎకరమున వేసి మూడు ఏండ్లు చూచిన పిమ్మట విస్తరించుడు. కోతకు ముందు తోట నలుమూలలనుండి, వరుస రెండు ప్రక్కలనుండి 100 పండ్లు ఏరి రసము తీసి బ్రిక్స్ కొలిచి, తేదీతో సహా పుస్తకములో వ్రాయుడు. వైన్ ద్రాక్ష తినుటకు పనికిరాదు, స్వయముగా వైన్ చేయుటకు ప్రభుత్వ లైసెన్సు కావలెను గనుక, కొనువారితో వ్రాతమూలకమైన ఒప్పందము లేకుండ అట్టి తీగ నాటరాదు. ధర పడిపోయిన ఏట పాత తోటను పెరుకదలచినచో, ఆ తోటలో చోటు ఇచ్చిన విలువ ఏదైన ఉన్నదేమో పోల్చి చూచి, ఆ పిదప గునపము పట్టుడు.